పన్నెండు గ్రామప్రియ పెట్టలకు ఇంట్లోనే మేత కలపడం: కడుపునిండా పెడుతున్నా తోలుగుడ్లు ఎందుకు వస్తున్నాయి?

ప్రశ్న (జనగామ పెరడు)

అందరికీ నమస్కారం. మాది జనగామ దగ్గర ఒక పల్లె. నిరుడు గ్రామప్రియ అనే పెరటి రకం కోడిపిల్లలను తెచ్చి పెంచాను. కుక్కల పాలైనవి పోగా ఇప్పుడు పన్నెండు పెట్టలు ఉన్నాయి. ఆరో నెల దాటాక గుడ్డుకు వచ్చాయి, కొన్నాళ్లపాటు రోజుకు ఎనిమిది, తొమ్మిది గుడ్లు ఇచ్చాయి. రెండున్నర నెలల క్రితం కుక్కలు మరో రెండింటిని ఎత్తుకుపోవడంతో పెరడు చుట్టూ దడి కట్టి, వాటిని బయటికి వదలడం మానేశాను. నెలన్నర నుంచి గుడ్లు నాలుగైదుకు పడిపోయాయి. రెండు మూడు రోజులకొకసారి పెంకు లేని తోలుగుడ్డు గూట్లో కనిపిస్తోంది. ఒక పెట్ట గుడ్డును పొడిచి తినడం కూడా మొదలుపెట్టింది.

మేతలో నేనేమీ లోటు చేయడం లేదు. నూకలు, మర తవుడు మానికతో సమానంగా కొలిచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పెడుతున్నాను, మిగిలిన అన్నం కూడా వేస్తున్నాను. కోళ్లు హుషారుగానే ఉన్నాయి, ఈకలు రాల్చడం లేదు. దుకాణంలో దొరికే సంచి మేత కొనకుండా ఇంట్లోనే సరైన మేత కలుపుకోవాలని నా కోరిక. ఏ దినుసు ఎంత వేయాలో, మా బావగారి గానుగ నుంచి వచ్చే పల్లీ చెక్క వాడవచ్చో లేదో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం (విశ్రాంత పశువైద్యుడు)

మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. దడి కట్టిన నెలకు గుడ్లు తగ్గాయి. అప్పటివరకు మీ కోళ్లు పెంటకుప్పలో పురుగులు, చెదలు, పచ్చిగడ్డి, రాలిన గింజలు, గోడల పక్కన సున్నపు పెచ్చులు ఏరుకుని తిని, మీరు పెట్టే నూకల్లో లేనిదాన్ని తామే సంపాదించుకున్నాయి. దడి కట్టాక ఆ భారమంతా మీ గంప మీద పడింది, గంపలో మాత్రం పాత మేతే ఉంది. కుక్కల బెడద ఉన్నప్పుడు దడి కట్టడం తప్పు కాదు. అయితే లోపల ఉంచిన కోడికి పూర్తి మేత మనమే ఇవ్వాలి.

లోటు ఎంతో లెక్కలో చూడండి. గుడ్డు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల మేత తింటుంది, అందులో మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం ఉండాలి. నూకల్లో ఉండేది 8 శాతం, తవుడులో 12 శాతం. పైగా మానికతో సమానంగా కొలిచినప్పుడు తవుడు తేలిక కాబట్టి తూకంలో నూకలదే పెద్ద వాటా అవుతుంది. అంటే మీ కోడికి రోజుకు 10 గ్రాముల మాంసకృత్తులు అందుతున్నాయి, కావలసింది 18 గ్రాములు. అందుకే గుడ్లు సగానికి వచ్చాయి.

ఇక పెంకు సంగతి. ఒక గుడ్డు పెంకులో దాదాపు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. తిన్న కాల్షియంలో సుమారు సగమే ఒంటికి పడుతుంది కనుక మేతలో రోజుకు 4 గ్రాములు ఉండాలి. నూకలు, తవుడు కలిసి ఇచ్చేది అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. తవుడులోని భాస్వరంలో ఎక్కువ భాగం కోడి అరిగించుకోలేని రూపంలో ఉండి, ఉన్న కాస్త కాల్షియాన్నీ పట్టి ఉంచుతుంది. అప్పుడు కోడి తన ఎముకల్లోంచి తీసి పెంకు కడుతుంది. అదీ తరిగిపోయాక తోలుగుడ్డు పెడుతుంది, ఆ తరువాత కాళ్లు చచ్చుబడి కూలబడుతుంది. మీ కోళ్లు ఇంకా హుషారుగా ఉన్నాయి కాబట్టి సమయం మించిపోలేదు.

పది కిలోల మేతకు నేను చెప్పే పాళ్లు ఇవి. మొక్కజొన్న రవ్వ 4 కిలోల 600 గ్రాములు, నూకలు 1 కిలో, నూనె తీసిన తవుడు 700 గ్రాములు, సోయా చెక్క 2 కిలోలు, నువ్వుల చెక్క 600 గ్రాములు, సున్నపురాయి రవ్వ 800 గ్రాములు, డీసీపీ (భాస్వరం, కాల్షియం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) 150 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు. వీటికి తోడు గుడ్ల కోళ్ల కోసం అమ్మే ఖనిజలవణాలు, విటమిన్ల పొడిని ప్యాకెట్ మీద రాసిన మోతాదులో కలపండి. మొక్కజొన్న నుంచి 414, నూకల నుంచి 80, తవుడు నుంచి 98, సోయా నుంచి 900, నువ్వుల చెక్క నుంచి 210 గ్రాముల మాంసకృత్తులు వస్తాయి, మొత్తం 1,702 గ్రాములు, అంటే 17 శాతం. కాల్షియం మూడున్నర శాతం దాకా వస్తుంది. మీ పన్నెండు పెట్టలు రోజుకు కిలో మూడు వందల గ్రాములు తింటాయి కనుక ఇది వారానికి సరిపోతుంది.

రెండు చెక్కలు ఎందుకంటే, మాంసకృత్తుల్లో ఉండే లైసిన్, మెథియోనిన్ అనే అంశాలు రెండూ కోడికి కావాలి. సోయాలో లైసిన్ ఎక్కువ, మెథియోనిన్ తక్కువ. నువ్వుల చెక్కలో మెథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది. పల్లీ చెక్కలో ఈ రెండూ తక్కువే. అందుచేత దాన్నే నమ్ముకుంటే శాతం లెక్కలో నిండినా గుడ్డు లెక్కలో నిండదు. సోయాలో కొంత తగ్గించి ఆ మేరకు పల్లీ చెక్క వాడవచ్చు, అయితే బూజు లేని తాజా చెక్క అయితేనే. ఇంట్లో పండిన సోయా గింజలను పచ్చివి మాత్రం ఎన్నడూ వేయకండి. వాటిలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థం ఉంటుంది, వేయించితేనో ఉడికించితేనో అది పోతుంది.

సున్నపురాయి మెత్తని పొడి కన్నా పెసరగింజంత రవ్వ మేలు. కోడి పెంకు కట్టే పని ఎక్కువగా రాత్రిపూట, మేత ముట్టని వేళలో జరుగుతుంది. రవ్వ కందనకాయలో నిలిచి మెల్లగా కరుగుతూ తెల్లవారేదాకా కాల్షియం అందిస్తుంది. అందుకే మేతలో కలిపింది కాక, సాయంత్రం ఒక మట్టి మూకుడులో కొంత రవ్వ విడిగా పెట్టండి, ఏ కోడికి కావాలో అదే వచ్చి తింటుంది. పెంకు గట్టిపడ్డాక గుడ్డు పొడిచే పెట్ట కూడా చాలావరకు మానేస్తుంది, ఎందుకంటే పగిలిన గుడ్డు రుచితోనే ఆ అలవాటు మొదలవుతుంది.

సమాధానం (బాపట్ల గృహిణి)

డాక్టర్ గారు చెప్పిన పాళ్లకు దగ్గరగానే నేను ఆరేళ్లుగా కలుపుతున్నాను, మా ఇంట్లో పదిహేను కోళ్లు ఉన్నాయి. పాళ్ల గురించి నేను చెప్పగలిగింది తక్కువ, కలిపే తీరు గురించి నాలుగు మాటలు చెబుతాను.

మొదట ఒక తూకం కొనుక్కోండి. మానిక, డబ్బా, చేట కొలతలతో ఈ పని కుదరదు. ఉప్పు, డీసీపీ, విటమిన్ల పొడి వంటి కొద్దిపాటి దినుసులను నేరుగా పది కిలోల కుప్ప మీద చల్లితే ఒక కోడికి అన్నీ పడి, మరో కోడికి ఏమీ పడవు. నేను ముందు వాటిని అరకిలో మొక్కజొన్న పిండిలో బాగా కలిపి, దాన్ని రెండు కిలోల రవ్వలో కలిపి, ఆ తరువాతే గోనెపట్టా మీద పరచిన మిగతా దినుసుల్లో వేసి పారతో మూడు నాలుగు సార్లు తిరగేస్తాను. మొక్కజొన్నను మరలో మరీ మెత్తగా పట్టించకూడదు, ఉప్మారవ్వ కన్నా కొంచెం ముతకగా ఉండాలి. గింజలు పెద్దవిగా ఉంటే కోళ్లు వాటినే ఏరుకుని, అసలు సత్తువ ఉన్న పొడిని తొట్టి అడుగున వదిలేస్తాయి. అడుగున పొడి మిగిలిన రోజు నేను కాసిన్ని మజ్జిగ నీళ్లు చిలకరించి ముద్దగా పెడతాను, గంటలో తొట్టి ఖాళీ అవుతుంది. తడిపిన మేత మాత్రం పూట దాటి ఉంచకూడదు, పులిసిపోతుంది.

మా వైపు నువ్వుల చెక్కను తెలగపిండి అంటాము. మునగాకుతో కూర వండుకునే ఆ తెలగపిండే కోళ్లకూ వేస్తాను, మునగాకు కూడా కొంత తరిగి వేస్తాను. ఆకుకూరల కాడలు, మునగాకు పడుతున్నంత కాలం గుడ్డు సొన మంచి పసుపు రంగులో ఉంటుంది. తెల్ల నూకల మీదే ఉంచితే సొన పాలిపోతుంది, అది మీరూ గమనించి ఉంటారు.

మాకు సముద్రం దగ్గర కాబట్టి ఎండుచేపల పొట్టు, తలలు చవకగా దొరుకుతాయి. పది కిలోలకు అరకిలో మించకుండా దంచి వేసి, ఆ మేరకు సోయా తగ్గిస్తాను. అంతకు మించితే గుడ్డు నీచువాసన వేస్తుంది. ఎండుచేపల్లో ఉప్పు బాగా ఉంటుంది, అవి కలిపిన వారం విడిగా ఉప్పు వేయకండి. సముద్రపు గుల్లలను కడిగి ఎండబెట్టి దంచి సున్నపురాయికి బదులు వాడతాను. కాల్చిన సున్నం మాత్రం వద్దు, అది కోడి నోరూ పేగులూ కాలుస్తుంది. మా పక్కింటివారు రెండూ ఒకటే అనుకుని పొరపాటు చేశారు. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా పారేయకండి, పెనం మీద వేయించి, పెంకు అని కోడి గుర్తుపట్టనంతగా నలిపి కలపండి.

సమాధానం (కామారెడ్డి మక్కరైతు)

దినుసుల మంచీచెడూ చూడకపోతే ఈ లెక్కలన్నీ వృథా అవుతాయి కనుక ఆ ఒక్క సంగతి చెబుతాను. వానాకాలం మక్కలు కోతకు వచ్చే సమయంలో ముసురు పడితే కంకి మీదే బూజు పడుతుంది. గింజలో తేమ 12, 13 శాతం దాటితే సంచిలోనూ పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషం కోడి కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కోడి చావకపోయినా గుడ్లు తగ్గిపోతాయి. ఎండబెట్టినా ఉడకబెట్టినా ఆ విషం పోదు. పల్లీ చెక్కకు ఈ బెడద మరింత ఎక్కువ. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినప్పుడు, కారణం బూజు పట్టిన పల్లీ చెక్క అని తేలింది. ఈ విషం లోకానికి తెలిసింది అప్పుడే.

కాబట్టి మక్కలను పంటి కింద పెట్టి కొరికి చూడండి, టక్కుమని విరగాలి. చెక్క ముక్కను విరిచి లోపల పచ్చని, బూడిదరంగు చారలున్నాయేమో చూడండి, వాసన చూడండి. అనుమానం వస్తే ఎరువు కుప్పలో వేయండి, పశువులకు కూడా పెట్టకండి. వానాకాలంలో పది రోజులకు మించి మేత కలిపి ఉంచకండి, సంచులను నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు ఆనకుండా పెట్టండి. మర తవుడులో నూనె ఉంటుంది కనుక అది కొద్దిరోజులకే ముక్కిపోయిన వాసన వేస్తుంది. డాక్టర్ గారు నూనె తీసిన తవుడు చెప్పింది అందుకే అనుకుంటాను.

ఆముదపు చెక్కను ఎరువుగా మన దగ్గర విరివిగా అమ్ముతారు, అది కోడికి విషం. చెక్కలన్నీ ఒకే కొట్టంలో పెట్టేవారు సంచుల మీద పేర్లు రాసి పెట్టుకోవాలి. పత్తి గింజల చెక్క కూడా గుడ్ల కోళ్లకు వద్దు, దాని వల్ల నిలవ ఉంచిన గుడ్డు సొన రంగు చెడిపోతుంది.

తిరుగు జాబు (జనగామ పెరడు)

మీ అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్లే కలిపి మూడున్నర వారాలైంది. పాత మేతలో కొత్తది కొంచెం కొంచెంగా పెంచుతూ వారం రోజుల్లో పూర్తిగా మార్చాను. మూకుడులో పెట్టిన రాతి రవ్వను మొదటి రెండు సాయంత్రాలు కోళ్లు ఎగబడి తిన్నాయి, అది చూసి మనసుకు చాలా బాధ కలిగింది. పదో రోజు తరువాత తోలుగుడ్డు కనిపించలేదు. గుడ్లు నిన్న ఏడు, ఇవాళ ఎనిమిది వచ్చాయి. బావగారి గానుగ చెక్కను విరిచి చూస్తే లోపల పచ్చటి మరకలు కనిపించాయి, ఆ సంచి మొత్తం పక్కన పెట్టాను.

ఇంకొక్క సందేహం. మూడు నెలల పిల్లలు ఆరు కొత్తగా వచ్చాయి. వాటికీ ఇదే మేత పెట్టవచ్చా?

సమాధానం (విశ్రాంత పశువైద్యుడు)

గుడ్ల సంఖ్య ఆలస్యంగా పెరగడం సహజమే. సొన పెరగడానికే పది రోజులు పడుతుంది, పెంకు మాత్రం ముందుగా బాగుపడుతుంది.

పిల్లలకు ఈ మేత పెట్టకండి. ఇంకా గుడ్డుకు రాని కోడికి ఒక శాతం కాల్షియం చాలు. మూడున్నర శాతం ఉన్న మేత నెలల తరబడి తింటే వాటి మూత్రపిండాలు చెడిపోతాయి, ఆ నష్టం తరువాత సరిచేయలేము. వేరు గూడు కట్టి విడిగా మేపగలిగితే మంచిదే. అన్నిటినీ ఒకే దడిలో ఉంచక తప్పకపోతే, ఆ 800 గ్రాముల సున్నపురాయి రవ్వను మేతలో కలపడం మానేసి, మొత్తం మూకుడులోనే విడిగా పెట్టండి. గుడ్లు పెట్టే కోళ్లు కావలసినంత తింటాయి, పిల్లలు ఒకటి రెండు సార్లు పొడిచి వదిలేస్తాయి. మూకుడును మాత్రం రోజూ సాయంత్రం నింపండి. వాన నీరు పడి రవ్వ గడ్డకట్టకుండా చూరు కింద పెట్టండి.