శ్రీరంగం వారిని ‘శ’లో వెయ్యాలా, ‘ఎ’లోనా?

మద్దిలపాలెం: విశాఖలో మా కాలనీ లైబ్రరీకి ఉత్తరాంధ్ర కవులు, కళాకారుల పట్టీ ఎక్సెల్‌లో చేస్తున్నాం. శ్రీరంగం ఇంటిపేరున్న ముగ్గురు మూడు చోట్ల తేలారు. గోపాలరత్నం గారైతే ఏకంగా ‘ఎ’లో! ఎలా సర్దాలి? ముగ్గురూ ఒకే ఇంటివాళ్లని రాసేయొచ్చా?

పాత పోస్టాఫీసు: ఎవరో ‘ఎస్. గోపాలరత్నం’ అని కొట్టుంటారు. ఇంగ్లీషు పొడి అక్షరంతో వచ్చే తంటా అదే. శ్రీరంగం, శంకరంబాడి, సత్తిరాజు అందరూ ‘ఎస్.’ కిందే పడతారు. ఆనక ఎవరు ఎవరో విప్పడం కష్టం. తెలుగులో పొడి అక్షరమంటే ఒత్తూ గుణింతంతో సహా మొదటి అక్షరం మొత్తం. ‘శ’ కాదు, ‘శ్రీ’. శ్రీరంగం శ్రీనివాసరావు (1910–1983) శ్రీశ్రీ అయింది అలాగే కదా, ఇంటిపేరులోది ఒకటి, పేరులోది ఒకటి.

ఇంటిపేరు పూర్తిగా ఒక గడిలో, పేరు పక్క గడిలో, కలంపేరు మూడో గడిలో పెట్టండి. ముందు ఇంటిపేరు మీద, తర్వాత పేరు మీద సార్ట్ చేస్తే గోపాలరత్నం, నారాయణబాబు, శ్రీనివాసరావు వరసగా వస్తారు. జనం వెతికేది శ్రీశ్రీ అనే కనక ‘శ్రీశ్రీ – చూ. శ్రీరంగం శ్రీనివాసరావు’ అని ఇంకో వరస తప్పదు.

కైలాసగిరి: గౌరవానికి పెట్టిన ‘శ్రీ’లు తీసేద్దామని రీప్లేస్ ఆల్ కొట్టేరు గనక! శ్రీరంగం ‘రంగం’ అయిపోతుంది, శ్రీనివాసరావు ‘నివాసరావు’. ముందు ‘శ్రీ శ్రీ’ని కలిపి ‘శ్రీశ్రీ’ చెయ్యండి. మధ్యలో ఖాళీ ఉంటే సార్ట్‌లో అది శ్రీరంగం కన్నా పైకెక్కి కూర్చుంటుంది కూడా. తర్వాత ‘శ్రీ’ పక్కన ఖాళీ ఉన్నవే వెతకండి. అదీ ఒక్కొక్కటే చూసుకుంటూ, లేకపోతే భాగ్యశ్రీ లాంటి పేర్ల తోక తెగుతుంది.

జగదాంబ: ఒకే ఇంటివాళ్లని మాత్రం రాయకండి. ఇంటిపేరు కలిసినంత మాత్రాన చుట్టరికం తేలదు. శ్రీశ్రీ పుట్టింది పూడిపెద్ది వారింట, శ్రీరంగం వారికి దత్తు వెళ్లడంతో ఇంటిపేరు మారింది. నారాయణబాబు (1906–1961) కవి, గోపాలరత్నం (1939–1993) కర్ణాటక, లలిత సంగీత గాయని. వృత్తికి ఇంకో గడి పెట్టి ఊరుకోండి. శ్రీరంగం కావేరి తీరాన క్షేత్రం పేరు కదాని ‘తమిళులు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, ఆ పనీ వద్దు.

మద్దిలపాలెం: ‘ఎస్.’ ఉన్న వరసలన్నీ పుస్తకాల లోపలి పేజీలు చూసి విప్పుతున్నాం. ఇప్పుడే ‘స్రీరంగం’ ఒకటి బయటపడింది, ‘స’లో.