జర్మన్ అమ్మాయికి ఇంగ్లిష్ ట్యూషన్: ‘దేర్ ఈజ్’ దగ్గరే ఆగిపోతున్నాం

స్టుట్‌గార్ట్ నుంచి:
అందరికీ నమస్కారం. మావారి ఉద్యోగం మీద ఈమధ్యే ఇక్కడికి వచ్చాం. పై ఫ్లాట్ జర్మన్ వాళ్ల అమ్మాయి గిమ్నాజియుం అనే హైస్కూల్లో ఆరో క్లాసు. ఇంగ్లిష్ చెప్పమని వాళ్లమ్మ అడిగితే సరేనన్నాను. పిల్ల చురుకైనదే, కానీ ‘ఇట్ గివ్స్ ఎ పార్క్ ఇన్ మై స్ట్రీట్’ అని రాస్తుంది. దిద్దితే ‘దేర్ ఈజ్ మెనీ ట్రీస్’ అంటుంది. నా జర్మన్ ఇంకా ఏ1లోనే, అంటే మొదటి మెట్టులోనే ఉంది. ఎలా చెబితే ఎక్కుతుంది? అసలు ట్యూషన్‌కి డబ్బులు తీసుకోవచ్చా అని ఇంకో టెన్షన్.

డార్మ్‌ష్టాట్ నుంచి:
ముందు డబ్బుల సంగతి చూద్దామమ్మా. మీ రెసిడెన్స్ కార్డు మీద ‘ఎర్వెర్బ్స్‌టేటిష్‌కైట్ ఎర్లౌప్ట్’ (పని చేసుకోవచ్చు) అని ఉందేమో చూసుకోండి. ఉంటే సొంతంగా ట్యూషన్ చెప్పుకోవచ్చు, ఫినాన్స్‌ఆమ్ట్‌కి, అంటే పన్నుల ఆఫీసుకి, తెలియజేయాలి. స్టూడెంట్ వీసా మీద ఉన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది చదివి మీరు మొదలెట్టకండి. సొంత పనికి మీరు విడిగా అనుమతి తీసుకోవాలి.

ఇక గ్రామర్. ఏదైనా ఉందని చెప్పడానికి జర్మన్‌లో ‘ఎస్ గీప్ట్’ అంటారు. ఆ క్రియకి మామూలు అర్థం ఇవ్వడం కాబట్టి ‘ఇట్ గివ్స్’ వస్తుంది. ఇది నాలుగుసార్లు దిద్దితే పోతుంది. మొండిది రెండోదే. ‘ఎస్ గీప్ట్’లో కర్త ‘ఎస్’, అది ఏకవచనం. ఉన్న వస్తువేమో వాళ్ల వ్యాకరణంలో కర్మ. అందుకే కర్మకి వాడే ‘ఐనెన్’ పెట్టి ‘ఎస్ గీప్ట్ ఐనెన్ పార్క్’ అంటారు, ‘ఐన్ పార్క్’ అనరు. చెట్టు ఒకటైనా వందైనా ‘గీప్ట్’ మారదు. ఇంగ్లిష్‌లో ‘దేర్’ ఉత్సవ విగ్రహం లాంటిది, క్రియని నడిపించేది తర్వాత వచ్చే నామవాచకం. కాబట్టి ఆ అమ్మాయి చేత వాక్యాన్ని చివరినుంచి రాయించండి. ముందు ‘మెనీ ట్రీస్’ రాసి, ఆ తర్వాత ‘ఈజ్’ కావాలో ‘ఆర్’ కావాలో తేల్చుకోమనండి. పాలు, డబ్బు లాంటి లెక్కపెట్టలేని వాటికి ‘ఈజ్’. ‘దేర్జ్ టూ గైజ్’ అని వీడియోల్లో విన్నానే అని రేపు మిమ్మల్నే అడుగుతుంది. మాటల్లో అది నడుస్తుంది, పరీక్షలో మార్కు పోతుంది.

భూతకాలంలోనూ ఇదే తంటా: ‘ఎస్ గాప్’ ఒక్కటే, ఇంగ్లిష్‌లో ‘వజ్’, ‘వర్’ రెండు.

ఒక్క మాట, ఏమీ అనుకోకండి. ఉంది, ఉన్నాయి, ఉన్నారు అని మార్చడం మనకి పుట్టుకతోనే అలవాటు కాబట్టి ‘ఈజ్’, ‘ఆర్’ దగ్గర మనం తడబడం. మన తడబాటు మాటల వరసలో ఉంటుంది. ‘టూ పార్క్స్ ఆర్ దేర్’, ‘వన్ డౌట్ ఈజ్ దేర్’ అంటే హైదరాబాద్ ఆఫీసులో ఎవరూ వింతగా చూడరు. ఈ పిల్ల మాత్రం ‘అక్కడ’ అనుకుని ఎక్కడ అని వెతుక్కుంటుంది. పాఠం చెప్పేటప్పుడైనా ‘దేర్’ వాక్యం మొదట్లోనే పెట్టండి.

జ్యూరిక్ నుంచి:
మా వైపు ‘ఎస్ గీప్ట్’ బదులు ‘ఎస్ హాట్’ ఎక్కువ. దాంతో ఇక్కడి పిల్లలు ‘ఇట్ హాజ్ మెనీ పీపుల్’ అంటారు. నైరుతి జర్మనీలోనూ ఈ వాడుక ఉంది కాబట్టి మీకూ తగలొచ్చు. బొమ్మ చూసి వర్ణించే వ్యాసాలు కూడా గమనించండి అక్కా. జర్మన్‌లో పుస్తకం టేబుల్ మీద పడుకుని ఉంటుంది, సీసా నిలబడి ఉంటుంది, ఫొటో వేలాడుతుంది. ‘ఆన్ ది టేబుల్ లైస్ ఎ బుక్’ అని రాస్తారు. తప్పు కాదుగానీ పాతకాలపు కథలా ఉంటుంది. ‘దేర్ ఈజ్ ఎ బుక్ ఆన్ ది టేబుల్’ చాలు.

స్టుట్‌గార్ట్ నుంచి:
కార్డు మీద ఆ మాట ఉందండీ, థాంక్స్. మరి ‘వస్ గీప్ట్స్ త్సుం ఎస్సెన్’ (తినడానికి ఏముంది) అంటే ‘వాట్ ఈజ్ దేర్’ అని మొదలెట్టాలా?

డార్మ్‌ష్టాట్ నుంచి:
అక్కర్లేదమ్మా, ‘వాట్స్ ఫర్ డిన్నర్’ అంటే సరి. ‘దస్ గీప్ట్స్ నిష్ట్!’ అని ఆశ్చర్యపోతే ‘ఐ డోంట్ బిలీవ్ ఇట్’. మబ్బు చూసి ‘ఎస్ గీప్ట్ రేగెన్’ అంటే ‘ఇట్స్ గోయింగ్ టు రెయిన్’. వీటికి రూల్ వెతక్కండి, వచ్చినవి వచ్చినట్టు ఆ అమ్మాయి నోట్‌బుక్ చివరి పేజీలో రాయించండి.