ఎస్తోనియాను నిలబెట్టింది డిజిటల్ పాలనా, 1990ల సంస్కరణలా?

కొల్లేటి కొంగ (చర్చ మొదలుపెట్టినవారు):

డిజిటల్ పాలన మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఎస్తోనియా పేరు తెస్తారు. మొత్తం జనాభా దాదాపు 13 లక్షల 70 వేలు. మన విజయవాడ, దాన్ని ఆనుకుని ఉన్న ఊళ్లు కలిపితే అంతకంటే ఎక్కువమందే ఉంటారు. 1991 ఆగస్టులో సోవియట్ యూనియన్ నుంచి బయటపడిన ఈ దేశం ఆన్‌లైన్ సేవల వల్లే బాగుపడిందని, మనమూ అదే దారి పట్టాలని ఈమధ్య ఎక్కడ చూసినా రాస్తున్నారు. ఈ వాదనలో కారణం వెనక్కి, ఫలితం ముందుకి వచ్చాయని నా అభిప్రాయం.

వరస చూడండి. 1992లో అక్కడ ధరలు ఏడాదిలో 1000 శాతానికి మించి పెరిగాయి. ఆ జూన్‌లో రూబుల్‌ను వదిలేసి సొంత కరెన్సీ క్రూన్ తెచ్చుకున్నారు. 8 క్రూన్లకు ఒక జర్మన్ మార్క్ అని ఖాయం చేసి, చేతిలో ఉన్న విదేశీ నిల్వలకు మించి నోట్లు అచ్చువేసే వీలు లేకుండా సెంట్రల్ బ్యాంకు చేతులు కట్టేశారు. ఆ ఏడాది చివర్లో ప్రధాని అయిన మార్ట్ లార్‌కు 32 ఏళ్లు. దిగుమతి సుంకాలు దాదాపుగా ఎత్తేశారు. 1994లో పేదా గొప్పా అందరికీ ఒకటే రేటుతో 26 శాతం ఆదాయపు పన్ను పెట్టారు. 2000 నుంచి కంపెనీ తన లాభాన్ని పంచకుండా వ్యాపారంలోనే ఉంచుకుంటే దాని మీద పన్నే లేదు. పంచిన రోజునే కట్టాలి.

ఎక్స్-రోడ్, అంటే ప్రభుత్వ శాఖల డేటాబేస్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు, వచ్చింది 2001లో. చిప్ ఉన్న గుర్తింపు కార్డు 2002లో. అప్పటికే పెట్టుబడులు వచ్చేశాయి, స్వీడన్ బ్యాంకులు వచ్చి అక్కడి పెద్ద బ్యాంకులను తీసేసుకున్నాయి. పోటీలో నిలబెట్టేది డిజిటల్ పాలనే అయితే 2009లో ఒక్క ఏడాదిలో జీడీపీ సుమారు 14 శాతం ఎందుకు పడింది? 2023లో మళ్లీ దాదాపు 3 శాతం ఎందుకు తగ్గింది? కార్డులు అవే, వెబ్‌సైట్లు అవే కదా.

తాలిన్ తీరం:

కొంగ గారూ, నేను ఎస్తోనియా రాజధాని తాలిన్‌లోనే సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. మీరు చెప్పిన సంవత్సరాల్లో తప్పు లేదు. కానీ డిజిటల్ పాలనను జీడీపీ అంకెలో వెతకడం దగ్గరే నాకు పేచీ. 2009లో పడింది బ్యాంకుల అప్పులతో ఉబ్బిన ఇళ్ల ధరలు కూలి. దాన్ని ఏ గుర్తింపు కార్డూ ఆపలేదు. ఆపుతుందని ఇక్కడ ఎవరూ చెప్పలేదు కూడా.

ఇక్కడ పన్ను రిటర్ను ఎలా వేస్తామో చెబుతాను. ఫిబ్రవరి మధ్యలో తెరుస్తారు. ఫోన్‌తోనో కార్డుతోనో లోపలికి వెళ్తే ఫారం అప్పటికే నిండి ఉంటుంది. జీతం, కోసిన పన్ను, ఇచ్చిన విరాళాలు అన్నీ. ఒకసారి పైనుంచి కిందికి చూసుకుని సరే అనడమే. ఎక్కువ కట్టి ఉంటే కొద్ది రోజుల్లో ఖాతాలో పడుతుంది. కార్డుకు రెండు పిన్‌లు ఉంటాయి. మొదటిది లోపలికి వెళ్లడానికి, రెండోది సంతకానికి. 2000లో చేసిన చట్టం ఆ సంతకాన్ని చేతి సంతకంతో సమానం చేసింది. నా ఉద్యోగ ఒప్పందం, ఇంటి అద్దె ఒప్పందం రెండూ ఆ రెండో పిన్‌తోనే అయ్యాయి.

ఇది సుఖం ఒక్కటే కాదండీ, చిన్న దేశానికి తప్పని లెక్క. పన్ను శాఖ, భూముల రిజిస్ట్రీ, కోర్టులు, జనన మరణాల నమోదు అన్నీ పెద్ద దేశానికి ఉన్నట్టే 13 లక్షల మందికీ ఉండాలి. సారెమా, హీయుమా లాంటి దీవుల్లోనూ ఉండాలి. ఎక్కడికక్కడ ఆఫీసూ గుమాస్తాలూ పెట్టుకునే స్తోమత వీళ్లకు 1990ల్లో లేదు. సంస్కరణలకు ఖజానాలో డబ్బు మిగలాలంటే ప్రభుత్వం తక్కువ ఖర్చుతో నడవాలి. ఆ పని చేసింది ఇదే.

ఓరుగల్లు పోరడు:

అన్నా, నాది ఒక్క ముచ్చట. 2001ల హైదరాబాద్‌ల ఈ-సేవ వచ్చింది. కరెంటు బిల్లు, నల్లా బిల్లు ఒక్కకాడనే కట్టినం, లైన్ల నిలబడే తిప్పలు తప్పింది. గదే ఏడాది వాళ్లు ఎక్స్-రోడ్ పెట్టిన్రు. ఇద్దరం ఒక్కసారే షురూ చేసినం కదా, మరి ఫరక్ ఏడ వచ్చింది?

మనం ఆఫీసుల ముంగట ఒక కౌంటర్ పెట్టినం. వాళ్లు ఆఫీసుల ఎనుక తీగలు కలిపిన్రు. మనకాడ ఇయ్యాల్టికి మీసేవల ఆదాయం సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెడ్తం, రెవెన్యూ ఆఫీసోళ్లు ఇస్తరు, దాన్ని ప్రింటు తీస్కొని స్కాలర్‌షిప్‌కు ఇంకో ఆఫీసుల ఇస్తం. ఇచ్చింది సర్కారే, తీస్కునేది సర్కారే. నడుమ కాయితం మోసేది పిల్లగాడు. అక్కడ గట్ల అడగొద్దని చట్టమే ఉన్నదట కదా?

తాలిన్ తీరం:

ఉంది తమ్ముడూ. ఒక వివరం ప్రభుత్వం దగ్గర ఒకచోట ఉంటే ఇంకో శాఖ అదే వివరానికి వేరే డేటాబేస్ పెట్టుకోకూడదు, జనాన్ని మళ్లీ అడగకూడదు. ఇంకోటి కూడా ఉంది, నాకు అన్నిటికంటే నచ్చింది అదే. నా వివరాలను ఎవరు ఎప్పుడు తెరిచి చూశారో నేను లాగిన్ అయి చూసుకోవచ్చు. పని లేకుండా తొంగిచూసిన డాక్టర్ల మీద, పోలీసుల మీద చర్యలు తీసుకున్న సందర్భాలున్నాయి.

బ్యాంకు సునంద:

బ్యాంకింగ్‌లో చాలాకాలం పనిచేశాను కాబట్టి ఇద్దరూ వదిలేసిన మూడో పాత్ర గురించి చెబుతాను. ఎస్తోనియా జనానికి ఆన్‌లైన్ అలవాటు చేసింది మొదట ప్రభుత్వం కాదు, బ్యాంకులు. 2000లో పన్ను రిటర్నులు ఆన్‌లైన్‌లో పెట్టినప్పుడు ఇంకా గుర్తింపు కార్డే లేదు. బ్యాంకు లాగిన్‌తోనే జనం పన్ను శాఖలోకి వెళ్లారు. 2001లో బ్యాంకులు, టెలికాం కంపెనీలు కలిసి డబ్బు పెట్టి దాదాపు లక్ష మంది పెద్దవాళ్లకు కంప్యూటర్, ఇంటర్నెట్ వాడకం నేర్పించాయి. ఊరి బ్రాంచి మూసేయాలంటే ఊరివాళ్లకు నెట్ రావాలి. వాళ్ల లాభం, దేశం లాభం అక్కడ ఒకటయ్యాయి.

అదే బ్యాంకుల దగ్గర పెద్ద చిల్లు కూడా పడింది. డెన్మార్క్‌కు చెందిన డాన్స్కే బ్యాంకు ఎస్తోనియా శాఖ ద్వారా 2007 నుంచి 2015 దాకా సుమారు 20 వేల కోట్ల యూరోలు ప్రవహించాయి. వాటిలో చాలా భాగం అనుమానాస్పదమేనని 2018లో ఆ బ్యాంకే పెట్టుకున్న విచారణలో తేలింది. ఎక్కువగా రష్యా, మాజీ సోవియట్ దేశాల నుంచి వచ్చిన సొమ్ము. హోవర్డ్ విల్కిన్సన్ అనే ఉద్యోగి 2013లోనే లోపల హెచ్చరించాడు. 2022 డిసెంబరులో ఆ బ్యాంకు అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంది. ప్రపంచంలోనే అత్యంత పారదర్శకమైన ప్రభుత్వం అంటారు కదా, తన ఏడాది జీడీపీకి ఎన్నో రెట్ల సొమ్ము ఒక చిన్న శాఖ గుండా పోతుంటే ఆపలేకపోయింది. పౌరుడి ఫైలు ఎవరు చూశారో చెప్పే వ్యవస్థ వేరు, డబ్బు ఎవరిదని అడిగే పర్యవేక్షణ వేరు. రెండోదానికి కావలసింది మనుషులు, ధైర్యం.

కొల్లేటి కొంగ:

సునంద గారు చెప్పింది నా వాదనకు బలమే. వీళ్లకు ముందునుంచీ ఉన్నదేమిటో కూడా చూద్దాం. తాలిన్‌లో కంప్యూటర్ పరిశోధన చేసే సైబర్నెటిక్స్ సంస్థ పెట్టింది 1960లో, సోవియట్ కాలంలో. ఇంజినీర్లు అప్పటికే ఉన్నారు. సముద్రానికి అవతల 80 కిలోమీటర్ల దూరంలో ఫిన్లాండ్. ఉత్తర తీరంలో జనం ఆ రోజుల్లోనే ఫిన్లాండ్ టీవీ చూసేవాళ్లు. 2003లో ఇంటర్నెట్ ద్వారా ఫోన్ మాట్లాడుకునే స్కైప్ పెట్టింది ఒక స్వీడన్ వ్యక్తి, ఒక డెన్మార్క్ వ్యక్తి. కోడ్ రాసింది తాలిన్ కుర్రాళ్లు. 2005లో ఈబే కొనుక్కుంది, 2011లో మైక్రోసాఫ్ట్ 850 కోట్ల డాలర్లకు కొనుక్కుంది, 2025 మేలో మూసేసింది. దేశాల మధ్య డబ్బు పంపే వైజ్ కంపెనీని పెట్టింది ఎస్తోనియా వాళ్లే, దాని ప్రధాన కార్యాలయం మాత్రం లండన్‌లో ఉంది. పుట్టినవాటిని దగ్గర పెట్టుకునే సత్తా ఆ దేశానికి లేదు. ఇది పోటీతత్వం ఎలా అవుతుంది?

బెజవాడ పంతులమ్మ:

నేను హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇంతసేపూ పన్నులు, కార్డులు, బ్యాంకులు అన్నారు, బడి మాట ఒక్కరూ ఎత్తలేదు!

1996లో అధ్యక్షుడు లెనార్ట్ మెరి ‘పులి దూకు’ అనే కార్యక్రమం ప్రకటించారు. బడులన్నిటికీ కంప్యూటర్లు, ఇంటర్నెట్ ఇవ్వడం, టీచర్లకు శిక్షణ. మీరు చెప్పిన కార్డు కంటే ఆరేళ్ల ముందు. దేశం అప్పటికింకా పేదదే. చాలా దేశాల పిల్లలకు ఒకేలా పెట్టే పీసా పరీక్షల్లో, 2022లో 15 ఏళ్ల పిల్లలకు గణితంలో, సైన్సులో యూరప్‌లో మొదటి స్థానం వాళ్లదే. నన్ను కదిలించింది ర్యాంకు కాదు. పేదింటి పిల్లకూ డబ్బున్న ఇంటి పిల్లకూ మధ్య మార్కుల తేడా అక్కడ చాలా దేశాల కంటే తక్కువ. ఏ బడిలో చేరినా దాదాపు ఒకేలాంటి చదువు దొరుకుతుంది. పిల్లలు ఏడేళ్లకు గాని ఒకటో తరగతిలో చేరరు. మూడేళ్లకే ర్యాంకుల పరుగు మొదలుపెట్టే కార్పొరేట్ బడుల మధ్య ఉద్యోగం చేస్తున్నదాన్ని, ఇది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది. స్కైప్ రాసిన కుర్రాళ్లు సోవియట్ బడుల వాళ్లే కావచ్చు, కొంగ గారూ. తర్వాతి తరం మాత్రం ఈ బడుల్లోంచే వచ్చింది.

తాలిన్ తీరం:

టీచర్ గారికి దండం. ఆ మాటతోనే కొంగ గారికి జవాబు మొదలుపెడతాను. మార్కుస్ విల్లిగ్ ఫోన్‌లో టాక్సీ పిలిచే బోల్ట్ కంపెనీని మొదలుపెట్టింది 2013లో, 19 ఏళ్లకు, స్కూలు చదువు అప్పుడే అయింది. ప్రధాన కార్యాలయం ఇప్పటికీ తాలిన్‌లోనే ఉంది. వైజ్ స్థాపకుల్లో ఒకరైన తావెత్ హిన్రికుస్ స్కైప్‌లో మొదటి ఉద్యోగి. స్కైప్ అమ్మకంలో వచ్చిన డబ్బు, నేర్చుకున్న పని మళ్లీ ఇక్కడి కంపెనీల్లోకే వచ్చాయి. కంపెనీ పోయినా మనుషులు మిగిలారు.

నమ్మకం సంగతి. 2007 ఏప్రిల్ చివర్లో తాలిన్‌లో సోవియట్ కాలపు కంచు సైనికుడి విగ్రహం తరలించినప్పుడు బ్యాంకులు, పత్రికలు, ప్రభుత్వ సైట్ల మీద వారాల తరబడి సైబర్ దాడి జరిగింది. 2017లో అంతకంటే పెద్ద గండం. కార్డుల చిప్‌లో లోపం ఉందని పరిశోధకులు చెప్పారు, సుమారు ఏడున్నర లక్షల కార్డులు. ప్రభుత్వం దాచలేదు. సెప్టెంబరులో ప్రధాని స్వయంగా బయటికొచ్చి చెప్పారు, నవంబరులో ఆ కార్డుల సర్టిఫికెట్లు ఆపేసి కొత్తవి ఇచ్చారు. ఇంత జరిగాక కూడా 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఆన్‌లైన్‌లో పడ్డాయి.

కానీ ఇక్కడ ఇప్పుడు జనం మాట్లాడుకునేది వీటి గురించి కాదు. కరెంటు గురించి. గంట గంటకీ ధర మారే ప్లాన్ నాది. వాషింగ్ మెషీన్ వేసే ముందు ఫోన్‌లో రేటు చూస్తాను. 2022 ఆగస్టు 17 సాయంత్రం ఒక గంటపాటు మార్కెట్లో యూనిట్ 4 యూరోలు పలికింది. పన్ను వేరు. ఆ నెలలో ద్రవ్యోల్బణం 25 శాతం దాకా వెళ్లింది. పక్కన యుద్ధం, సైన్యం ఖర్చు పెరిగింది. వ్యాట్ 20 నుంచి 2024లో 22, 2025 జులైలో 24 అయింది. ఒకప్పటి 26 నుంచి 20కి దిగిన ఆదాయపు పన్ను మళ్లీ 22కు పెరిగింది, కారు పన్ను కొత్తగా వచ్చింది. తక్కువ పన్నుల దేశం అనే పేరే కరుగుతోంది.

కొల్లేటి కొంగ:

చూశారా, కంపెనీలు లెక్కేసుకునేది కరెంటు రేటు, పన్ను రేటు, సరిహద్దు భద్రత. నేను మొదట్నుంచీ అంటున్నది అదే.

గోదారి గట్టు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఎస్తోనియా ఈ-రెసిడెన్సీ తీసుకుంటే యూరప్‌లో ఉండొచ్చని, పన్ను కట్టక్కర్లేదని మా తమ్ముడికి ఒక ఏజెంటు చెప్పాడు. నిజమేనా?

బ్యాంకు సునంద:

రెండూ అబద్ధాలే, తమ్ముడికి ఈరోజే చెప్పండి. 2014 డిసెంబరులో మొదలైన పథకం అది, ఇప్పటికి లక్ష మందికి పైగా తీసుకున్నారు. అది డిజిటల్ గుర్తింపు మాత్రమే. దానితో అక్కడ కంపెనీ పెట్టి ఇక్కడి నుంచి నడపొచ్చు, సంతకాలు చేయొచ్చు. వీసా కాదు, నివాస హక్కు రాదు. ఇక్కడ ఉంటూ సంపాదిస్తే ఇక్కడి ఆదాయపు పన్ను చట్టం, విదేశంలో కంపెనీ పెడితే ఫెమా (విదేశీ మారక చట్టం) నిబంధనలు వర్తిస్తాయి. అక్కడ బ్యాంకు ఖాతా దొరకడం కూడా తేలిక కాదు. డాన్స్కే గొడవ తర్వాత బ్యాంకులు బాగా గట్టిగా చూస్తున్నాయి. డబ్బు కట్టేముందు ఒక సీఏని కలవమనండి.

ఓరుగల్లు పోరడు:

కొంగ సార్, మీ లెక్క కంపెనీ లెక్క. నాది మా అమ్మ లెక్క. పింఛన్ ఆగిపోతే ఎవరు ఆపిన్రు, ఎందుకు ఆపిన్రు అని ఆమెకు తెలువది. మండలాఫీసుకు పోతే సిస్టంల వస్తలేదంటరు. సిస్టం పెట్టుడు మనకు వచ్చు, 140 కోట్ల మంది ఉన్న దేశంల యూపీఐ నడిపిస్తున్నం. ఆమె పేరు మీద ఎవరు ఏం నొక్కిన్రో ఆమెకు కనపడే తెర ఒక్కటి పెట్టుడు ఎందుకు రాదు? దానికి కరెంటు రేటు, పన్ను రేటు అడ్డం ఉన్నదా?

కొల్లేటి కొంగ:

లేదు, పోరడా. దానికి అడ్డం ఆ తెరలో కనపడే పేర్లే. ఆ చట్టం మనకూ కావాలని సంతకాల అర్జీ పెడితే మొదటి సంతకం నాదే. కాకపోతే దానివల్ల ఫ్యాక్టరీలు వస్తాయని మాత్రం ఎవరికీ చెప్పకు. వాటి సంగతి వేరే చర్చలో తేల్చుకుందాం, కరెంటు రేట్ల పట్టిక తీసుకుని వస్తాను.