పోకర్‌లో ఫ్లాప్ (టేబుల్ మీద పడే మొదటి మూడు కార్డులు) పడ్డాక బుర్ర పనిచేయట్లేదు. ఈ హ్యాండ్‌లో ఫోల్డ్ (కార్డులు పారేసి తప్పుకోవడం) కరెక్టేనా?

ఆరోకార్డు:
నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండు కార్డులు, అందరికీ కలిపి టేబుల్ మీద ఐదు ఉండే పోకర్) ఈ మధ్యే మొదలెట్టాను. ఫ్లాప్‌కి ముందు ఏ కార్డులు ఆడాలో, ఏవి పారేయాలో చార్టు చూసి బట్టీ పట్టేశా. ఫ్లాప్ పడిందంటే మాత్రం అంతా అయోమయం. ఈ హ్యాండ్ చూడండి.

నా చేతిలో డైమను ఆసు, కళావరు జాకీ. కటాఫ్ (డీలర్‌కి ముందు సీటు) నుంచి పందెం 2.5 బ్లైండ్లకి (బ్లైండ్ అంటే ముందే పెట్టే పందెం, కింది అంకెలన్నీ అందులోనే) రెయిజ్ చేశా, బిగ్ బ్లైండ్ సీటువాడు ఒక్కడే కాల్ చేశాడు, అంటే అంతే పెట్టాడు. స్మాల్ బ్లైండ్ అర కూడా కలిపి పాట్ (మధ్యలో పోగైన పందెం) 5.5.
ఫ్లాప్: ఇస్పేటు ఆసు, ఆటీను తొమ్మిది, ఆటీను ఎనిమిది. పాట్ మొత్తం, అంటే 5.5 పెట్టా. కాల్.
టర్న్ (నాలుగో కార్డు): కళావరు రెండు. 12 పెట్టా. మళ్ళీ కాల్. పాట్ 40.5 అయింది.
రివర్ (ఐదో కార్డు): ఆటీను ఏడు. అప్పటిదాకా చెక్ కొడుతూ (తనంతట పందెం పెట్టకుండా) వచ్చినవాడు ఉన్నట్టుండి తనే 40 పెట్టాడు. నేను ఫోల్డ్. వాడు కార్డులు చూపించలేదు. ఆసు జత పారేశానే అని ఒకటే పీకుతోంది. బ్లఫ్ చేశాడంటారా?

చిప్పులకుప్ప:
నేనైతే కాల్ చేసేవాణ్ణి బ్రో. 40 పెడితే మొత్తం పాట్ 120.5. మూడుసార్లకి ఒకసారి గెలిస్తే చాలు, నష్టం లేదు. పై జత, పైగా జాకీ కిక్కర్ (జతకి తోడుండే కార్డు). ఇలా భయపడితే అందరూ మీ మీదెక్కి ఆడతారు.

పాతకాపు:
లెక్క తప్పులేదు. కానీ ఆ మూడోవంతు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆరోకార్డు గారూ, మీ చెయ్యి కాసేపు పక్కన పెట్టండి. పెద్ద బెట్లకి రెండుసార్లు కాల్ చేసినవాడి దగ్గర ఏముండొచ్చో ఒక్కొక్కటే పేరు పెట్టి చెప్పుకోండి. ఆటీను ఫ్లష్ డ్రాలు (ఇంకో ఆటీను పడితే ఐదూ ఒకే గుర్తు, అంటే ఫ్లష్, అయ్యేవి). జాకీ-పది. పది-ఏడు, ఏడు-ఆరు (ఇవి వరసగా ఐదు, అంటే స్ట్రెయిట్, కోసం చూసేవి). తొమ్మిది-ఎనిమిది. చిన్న కిక్కర్ ఉన్న ఆసులు.

ఇప్పుడు ఆటీను ఏడు పడింది. ఫ్లష్ డ్రాలన్నీ ఫ్లష్ అయిపోయాయి. జాకీ-పదికి స్ట్రెయిట్ వచ్చేసింది. మిగతా డ్రాలకి కనీసం ఏడుల జతైనా తగిలింది, వాళ్ళు చెక్ కొట్టి చూద్దామనుకుంటారు. చిన్న ఆసులు అంతే, ఈ బోర్డు మీద వాటితో 40 ఎవడు పెడతాడు? అంటే మీరు గెలిచేది బ్లఫ్ మీదే, బ్లఫ్ చేయాలంటే తప్పిపోయిన డ్రా ఉండాలి. ఈ రివర్‌లో తప్పిపోయిన డ్రా దాదాపు లేదు. ఫోల్డే.

అదే రివర్‌లో ఇస్పేటు మూడు పడి, వాడు అదే 40 పెట్టాడనుకోండి. ఫ్లష్ డ్రాలు, జాకీ-పది, పది-ఏడు, ఏడు-ఆరు అన్నీ గాలికి పోయాయి. అప్పుడు ఫోల్డ్ చేస్తే నేనే తిడతా. మీ చెయ్యి రెండుచోట్లా ఒకటే, జవాబు వేరు. కొత్తవాళ్ళు ‘నా చెయ్యి ఎంత మంచిది’ దగ్గరే ఆగిపోతారు.

ఫ్లాప్, టర్న్ బాగానే ఆడారు. టర్న్‌లో ఫ్లష్ డ్రాకి కనపడని 46 కార్డుల్లో 9 పనికొస్తాయి, 20 శాతంలోపే. మీ 12కి కాల్ చేయాలంటే దాదాపు 30 శాతం కావాలి. వాడు కాల్ చేసి తప్పు చేశాడు, కార్డు పడింది, అంతే. (ఫ్లాప్‌లో పాట్‌లో మూడొంతుల్లో రెండొంతులు పెట్టినా సరిపోయేది. దాని మీద గొడవపడను.)

ఆరోకార్డు:
ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదు, థాంక్స్ అన్నా. నా జాకీ కళావరు కాకుండా ఆటీను అయ్యుంటే?

పాతకాపు:
ఆటీను ఏడు పడ్డప్పుడు కాస్త మేలు, వాడి ఫ్లష్‌లు కొన్ని తగ్గుతాయి. అయినా బ్లఫ్‌లు లేవు కాబట్టి ఫోల్డే. ఇస్పేటు మూడు పడ్డప్పుడు మాత్రం అదే ఆటీను జాకీ మీకు ఎదురు తిరుగుతుంది: వాడి చేతిలో తప్పిపోయిన ఫ్లష్ డ్రాలు తగ్గాయంటే మీరు పట్టుకోగలిగే బ్లఫ్‌లు తగ్గినట్టే.

ఇవన్నీ ఆడుతూ ఆడుతూ లెక్కపెట్టడం మొదట్లో కుదరదు. మీరు ఫోల్డ్ చేసిన హ్యాండ్లలో ఫోన్ తీయకుండా మిగతా ఇద్దరినీ చూడండి. ప్రతి కార్డుకీ ‘ఇప్పుడు వీడి దగ్గర ఏం పోయాయి, ఏం మిగిలాయి’ అనుకోండి. షోడౌన్‌లో (చివర్లో కార్డులు తెరిచినప్పుడు) ఎలాగూ తెలుస్తుంది.

చిప్పులకుప్ప:
మరి రాణి-పది? అది తప్పిపోయిందిగా, దాంతో బ్లఫ్ చేయొచ్చు.

పాతకాపు:
చేయొచ్చు. కానీ ఫ్లాప్‌లో దానికి కావలసింది జాకీ ఒక్కటే. ఉన్న నాలుగు జాకీల్లో ఒకటి ఈయన చేతిలోనే ఉంది. మిగిలిన మూడు కార్డుల కోసం పాట్ సైజు బెట్‌కి, మళ్ళీ టర్న్‌లో 12కి కాల్ చేసేవాడు దొరికితే కాల్ చేయండి, ఆ టేబుల్ వదిలి మాత్రం లేవకండి.