పాత వంటగట్టు తొలగించి శిథిలాలను తరలించడానికి ఎంత ఖర్చవుతుంది?

మియాపూర్ నివాసి (ప్రశ్న)

నమస్కారం. హైదరాబాదు మియాపూర్‌లో మాకు నాలుగో అంతస్తులో ఒక ఫ్లాటు ఉంది. ఇరవై ఏళ్ల కిందట బిల్డరు కట్టించి ఇచ్చిన వంటగట్టే ఇప్పటికీ వాడుతున్నాము. ఎల్ ఆకారంలో ఉన్న ఆ గట్టు మొత్తం పొడవు పదహారు అడుగులు, వెడల్పు రెండడుగులు. పైన నల్ల గ్రానైటు, దాని కింద మూడంగుళాల మందాన కాంక్రీటు పలక, ఆ పలకను మోస్తూ నాలుగు చిన్న ఇటుక గోడలు ఉన్నాయి. ఇప్పుడు మాడ్యులర్ వంటిల్లు చేయించాలనుకుంటున్నాము.

ఇంటీరియర్ సంస్థవారు తమ కొటేషన్‌లో చెక్కపని, కొత్త రాయి, బిగింపు అన్నీ వివరంగా రాసి, పాత గట్టు తొలగించే పని మాత్రం తమ పరిధిలోకి రాదని చివర్లో ఒక్క వాక్యంలో తేల్చేశారు. అందువల్ల విడిగా ఇద్దరిని అడిగాను. ఒక మేస్త్రీ అంతా కలిపి తొమ్మిది వేలన్నారు. ఇంకొకరు ఇరవై రెండు వేలన్నారు. ఒకే గట్టుకు ఇంత తేడా ఎందుకు వస్తోందో, పగలగొట్టిన రాళ్లను ఎక్కడికి తీసుకుపోతారో ఇద్దరూ స్పష్టంగా చెప్పలేదు. అనుభవమున్నవారు వివరించగలరని మనవి.

విశ్రాంత సివిల్ ఇంజినీరు

ఆ ఇద్దరూ ఒకే పనికి ధర చెప్పలేదని నా అనుమానం. తొమ్మిది వేలన్న మేస్త్రీ పగలగొట్టడం వరకే లెక్క వేసుకుని ఉంటారు. రెండోవారు సంచులకెత్తి కిందికి దించడం, బండి కిరాయి, దెబ్బతిన్న గోడకు మళ్లీ ప్లాస్టరింగు చేయడం కూడా కలిపి ఉంటారు. "అంతా కలిపి" అన్న మాటలో ఏమేమి ఉన్నాయో కాగితం మీద రాయించుకోకుండా ఆ రెండు అంకెలను పోల్చడం వల్ల ప్రయోజనం లేదు.

వంటగట్టు విషయంలో డబ్బు ప్రధానంగా బరువు మోయడానికే పోతుంది కాబట్టి ముందు బరువు చూద్దాము. మీ గట్టు విస్తీర్ణం ముప్ఫై రెండు చదరపు అడుగులు. 18 మిల్లీమీటర్ల గ్రానైటు చదరపు అడుగుకు నాలుగున్నర కిలోల చొప్పున సుమారు 145 కిలోలు ఉంటుంది. దాని కింద అంగుళం మందాన వేసిన సిమెంటు మాలు ఇంచుమించు అంతే బరువు తూగుతుంది. మూడంగుళాల కాంక్రీటు పలక చదరపు అడుగుకు పదిహేడు కిలోల చొప్పున 540 కిలోలకు పైమాటే. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు ఉంటే ఒక్కొక్కటి వంద కిలోల దాకా వస్తుంది, అవి నాలుగు. గట్టు పైన గోడకున్న టైల్స్ కూడా తీయిస్తే మరో 170, 180 కిలోలు కలుస్తాయి. మొత్తం టన్నుంబావు దాకా వచ్చి, టైల్స్‌తో కలిపి దాదాపు టన్నున్నర అవుతుంది. సిమెంటు సంచిలో ముప్ఫై కిలోలకు మించి నింపితే మెట్లు దిగుతూ మోయడం కష్టం, సంచి కూడా చిరగవచ్చు. అంటే నలభై అయిదు నుంచి యాభై సంచుల సరకు నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగాలన్నమాట. చిన్న ట్రాలీ ఆటో మోయదగిన బరువు ముక్కాలు టన్ను మాత్రమే కనుక రెండు ట్రిప్పులు వేయాలి, లేదా ట్రాక్టరు మాట్లాడుకోవాలి.

నా అంచనాలో బ్రేకరు మిషను కిరాయితో కలిపి పగలగొట్టడానికి ఆరు నుంచి ఎనిమిది వేలు, సంచులకెత్తి దించడానికి మూడు నుంచి అయిదు వేలు, బండికి రెండున్నర నుంచి నాలుగు వేలు, గోడ సరిచేయడానికి నాలుగు నుంచి ఆరు వేలు కావచ్చు. ఇవి నేను చూసిన పనులను బట్టి చెబుతున్న అంకెలు. మీ ప్రాంతంలో కూలి రేట్లను బట్టి మారుతాయి. ఈ లెక్కన ఇరవై రెండు వేలు మరీ అన్యాయమైన ధరగా నాకు తోచడం లేదు.

ఒక సాంకేతిక విషయం తప్పక గమనించండి. ఇటువంటి కాంక్రీటు పలకలను చాలాచోట్ల వెనుక గోడలోకి రెండు మూడు అంగుళాలు చొప్పించి పోస్తారు. దానిని గడ్డపారతో ఎత్తి పెకలిస్తే గోడలో ఇటుకలు కూడా కదిలి వస్తాయి. అది అటువైపు పడకగది ఉన్న పలుచని అడ్డుగోడ అయితే అటు ప్లాస్టరింగు కూడా బీటలు వారుతుంది. అందుకే ముందుగా గోడకు ఆనుకుని కటింగ్ మిషనుతో గీత కోయించి, పలకను గోడ నుంచి విడదీసిన తరువాతే పగలగొట్టించాలి. లోపల మిగిలిన ముక్కను అలాగే వదిలేయవచ్చు. సింకు పక్కన గోడలో కుళాయి పైపులు, స్విచ్చుబోర్డు కింద కరెంటు పైపు ఎటు పోతున్నాయో ముందే సుద్దతో గుర్తు పెట్టించండి.

బెజవాడ వంటిల్లు

ఇంజినీరు గారు చెప్పిన లెక్క బాగుంది. అయితే మియాపూర్ నివాసి గారూ, అసలు గట్టంతా తీసివేయాలా అన్నది ముందు ఆలోచించండి. ఇంటీరియర్ సంస్థలు ఖాళీ గది అడగడానికి కారణం ఉంది. వారి చెక్క పెట్టెలు కర్మాగారంలో నిర్ణీత కొలతలలో తయారై వస్తాయి, మన పాత ఇటుక గోడల మధ్య అవి సరిపోవు. కానీ కాంక్రీటు గట్టును అలాగే ఉంచి, కింది అరలకు కొలతల ప్రకారం షట్టర్లు, స్టీలు బుట్టలు బిగించే స్థానిక వడ్రంగులు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. మా ఇంట్లో అదే చేయించాము. నీళ్లు పోసి కడిగే అలవాటున్న మన వంటిళ్లలో, సింకు కింద ప్లైవుడ్ పెట్టె కంటే సిమెంటు గోడే ఎక్కువ కాలం నిలుస్తుందని నా నమ్మకం.

గ్రానైటు మాత్రమే మార్చాలనుకుంటే పాత పలకలను ముక్కలు చేయకుండా తీయించే ప్రయత్నం చేయండి. అతుకుల దగ్గర, సింకు రంధ్రం పక్కన ముందుగా మిషనుతో కోసి, అంచు నుంచి సన్నని మొనగల చెక్క ముక్కలు దిగగొడుతూ నెమ్మదిగా లేపితే కొన్ని పగలకుండా వస్తాయి. అడుగున మాలు నిండుగా పట్టి ఉంటే మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి. నిలిచిన ముక్కలను వాష్ ఏరియాలో గట్టుకు, కిటికీల కింద, గడపలకు వాడుకోవచ్చు. అమ్ముదామంటే వాడిన గ్రానైటుకు ధర దాదాపు రాదు. ఉచితంగా తీసుకుపొమ్మంటే సంతోషంగా తీసుకుపోయేవారు దొరుకుతారు, మీకు మోత ఖర్చు కలిసివస్తుంది. స్టీలు సింకు, కుళాయిలు, ఇనుప చువ్వలు పాతసామాన్లవారికి వేయవచ్చు. పని ఒప్పుకునేటప్పుడే అవి ఎవరికి చెందుతాయో మాట్లాడుకోండి, లేకపోతే అవి మేస్త్రీతో పాటు వెళ్లిపోవడం రివాజు.

మియాపూర్ నివాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. గట్టు ఉంచవచ్చన్న ఆలోచన మాకు రాలేదు. కిందికి వంగి చూస్తే పొయ్యి ఉన్న పది అడుగుల వైపు పలక బాగానే కనిపిస్తోంది. సింకు ఉన్న ఆరడుగుల వైపు మాత్రం అడుగున కాంక్రీటు పెచ్చులూడి, చువ్వలు తుప్పుపట్టి బయటికి కనబడుతున్నాయి. ఒకవైపు తీసివేసి ఇంకొకవైపు ఉంచడం సాధ్యమేనా? గ్రానైటు మాత్రం రెండు వైపులా మార్చాలని మావారి కోరిక.

విశ్రాంత సివిల్ ఇంజినీరు

సాధ్యమే, మీరు చెప్పిన స్థితిలో అదే మేలు. చువ్వలు తేలిన వైపు పలకను అతుకులు వేసి బతికించడం వృథా. పొయ్యి వైపు పలకను అడుగు నుంచి చిన్న సుత్తితో అక్కడక్కడా తట్టించండి. గట్టిగా ఖంగుమంటే మంచిది, డొల్ల శబ్దం వస్తే ఆ చోట కూడా లోపల పెచ్చు విడిపోయినట్టు. మూలలో రెండు పలకలు కలిసే చోట దిగువన ఇటుక గోడ ఆధారం ఉన్నదీ లేనిదీ చూసుకుని, ఆ గోడ మీదనే కోత గీత వచ్చేలా కోయించాలి. ఆధారం లేకపోతే ముందు గోడ కట్టించి, అది గట్టిపడిన తరువాతే కోయించండి.

బరువు కూడా సగానికి తగ్గుతుంది. సింకు వైపు పలక, మాలు, గ్రానైటు, రెండు గోడలు కలిపి అర టన్నుకు కాస్త పైన. పొయ్యి వైపు గ్రానైటు, దాని కింది మాలు కలిపి 180 కిలోల వరకు. గోడ టైల్స్ కదపకపోతే మొత్తం ఏడు వందల కిలోలు, అంటే బొటాబొటిగా ఒక ట్రాలీ ఆటోకు సరిపడే సరకు. ఈ పనికి మళ్లీ కొటేషన్ అడిగితే పన్నెండు, పదమూడు వేల లోపే తేలవచ్చు.

చెరువు గట్టు

ఆ రాళ్లు ఎక్కడికి పోతాయన్న ప్రశ్నకు ఇంకా ఎవరూ సమాధానం చెప్పలేదు కనుక నేను రాస్తున్నాను. తక్కువ ధరకు ఒప్పుకున్న బండి చాలాసార్లు చీకటి పడ్డాక ఏదో ఖాళీ స్థలంలోనో నాలా పక్కనో చెరువు అంచునో సంచులు దులిపి వెళ్లిపోతుంది. మా కాలనీ పక్కన చెరువు అంచు అలా పూడుకుపోతూ ఉండగా చూస్తున్నాము. టైల్స్, సింకు ముక్కలు, పాత స్విచ్చుబోర్డులు అన్నీ అందులోనే.

హైదరాబాదులో నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలను శుద్ధి చేసే కేంద్రాలు జీడిమెట్ల, ఫతుల్లాగూడలలో ఉన్నాయి. రోజుకు అయిదు వందల టన్నుల సామర్థ్యంతో కట్టిన ఆ కేంద్రాలలో ఇటుక, కాంక్రీటు, రాయి ముక్కలను నలిపి, జల్లించి, కడిగి ఇసుకగా, వేరువేరు సైజుల కంకరగా మార్చి, కాలిబాటల మీద పరిచే ఇటుకలు కూడా చేస్తారు. ఇటువంటి కంకరను కాంక్రీటులో ఏ మేరకు వాడవచ్చో 2016 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 383 నిర్దేశించింది కూడా. మీ మియాపూర్‌కు జీడిమెట్ల దగ్గర. నగరపాలక సంస్థకు చెబితే టన్నుల లెక్కన రుసుము తీసుకుని తరలించే ఏర్పాటు ఉంటుంది. మీ సరకు టన్ను లోపే కాబట్టి ఇరుగుపొరుగు ఫ్లాట్లలో పని జరుగుతుంటే కలిపి పంపించడం చవక.

నియమాల సంగతి కూడా చెబుతాను. 2016 నాటి కేంద్ర నియమాలు వ్యర్థాలను విడదీసి, ముందస్తు ప్రణాళిక సమర్పించే బాధ్యతను రోజుకు 20 టన్నులు లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటినవారి మీద పెట్టాయి. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చేలా ప్రకటించిన కొత్త నియమాలు కూడా ప్రధానంగా 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉన్న భారీ కట్టడాలను దృష్టిలో పెట్టుకున్నవే. ఆ పెద్ద బాధ్యతలు ఒక వంటింటి యజమానికి వర్తించవు. కానీ రోడ్డు మీద, కాలువలో పోయకూడదన్నది అందరికీ వర్తిస్తుంది.

కనుక బండివానికి మిగిలిన డబ్బు ఇచ్చే ముందు కాటా చీటీ అడగండి. కేంద్రంలో బండిని తూచి చీటీ ఇస్తారు. ఆ షరతు ముందుగానే చెబితే, పారబోసే ఉద్దేశం ఉన్నవారు బేరం దగ్గరే వెనక్కి తగ్గుతారు. ఇంకొక దారి కూడా ఉంది. దగ్గరలో ఎవరైనా ఇల్లు కడుతూ పునాదిపై మట్టం నింపుకుంటుంటే, యజమానిని అడిగి ఇటుక, కాంక్రీటు ముక్కలు అక్కడికి ఇవ్వవచ్చు. ప్లాస్టిక్ పైపులు, చెక్క, గాజు అందులో కలపకూడదు. చెత్త తీసుకుపోయే స్వచ్ఛ ఆటోలో వీటిని వేయాలని చూడకండి, అది ఇంటి చెత్త కోసం ఉద్దేశించినది.

అపార్టుమెంటు సంఘం కార్యదర్శి

మా సంఘం అనుభవం నుంచి కొన్ని మాటలు. మొదలుపెట్టే ముందు మీ సంఘానికి రాతపూర్వకంగా తెలియజేసి, కింది అంతస్తువారికి స్వయంగా చెప్పండి, ఎందుకంటే బ్రేకరు మోత మీకంటే వారికే ఎక్కువగా వినబడుతుంది. ఆ రోజు పరీక్షలు రాసే పిల్లలో, మంచం మీద ఉన్న పెద్దలో వారి ఇంట్లో ఉండవచ్చు.

ఆరుగురు ఎక్కే లిఫ్టు సామర్థ్యం 408 కిలోలు. ముప్ఫై కిలోల సంచులు ఎనిమిది, తోడుగా ఒక మనిషి, అంతకు మించి వద్దు. లిఫ్టు నేల మీద ప్లైవుడ్ ముక్క, గోడలకు అట్టలు కట్టించండి. రాయి అంచు గీసుకుంటే స్టీలు పలకకు వచ్చే నష్టం మీ కొటేషన్‌లో ఉండదు.

దుమ్మును తేలికగా తీసుకోవద్దు. గ్రానైటులోనూ కాంక్రీటులోనూ ఉండే సిలికా ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధికి దారితీస్తుంది. కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కోయమని పట్టుబట్టండి, పనివారికి ఎన్95 మాస్కులు మీరే కొనివ్వండి. కొత్త రాయిగా కృత్రిమ క్వార్ట్జ్ తీసుకునే ఆలోచన ఉంటే దానిలో సిలికా గ్రానైటులో కంటే చాలా ఎక్కువ. పనివారి ఆరోగ్యం దృష్ట్యా ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి దానిని నిషేధించింది. వాడేవారికి ఇబ్బంది లేదు, కోసేవారికే ముప్పు. కాబట్టి ఏ రాయి కొన్నా సింకు, పొయ్యి రంధ్రాలు దుకాణంలోనే కోయించి తెప్పించండి.

పని మొదలయ్యే రోజు ఉదయమే గ్యాసు సిలిండరు, రెగ్యులేటరు, రబ్బరు గొట్టం తీసి బాల్కనీలో పెట్టి, వంటిల్లు మెయిన్ స్విచ్చు ఆపి, సింకు వాల్వు కట్టేయండి. కాలువ పైపు మూతిలో గుడ్డ కుక్కి మూత వేయండి. ఒక్క గుప్పెడు మాలు ముక్కలు అందులో పడినా కింది మూడు ఇళ్ల వంటింటి నీళ్లు ఆగిపోవచ్చు.