చేతికుట్టులో దొరికే ప్రశాంతత: మీ అనుభవాలు పంచుకోండి

నీలిదారం:
ఇంటి పనులు ముగిశాక మిగిలే కొద్ది సమయంలో సూదీ దారం పట్టుకుని కూర్చుంటే మనసు నెమ్మదిస్తుంది. అయితే గోడకు తగిలించే పెద్ద చిత్రం మొదలుపెట్టినప్పుడల్లా, దాన్ని పూర్తి చేయాలన్న ఆరాటం ఆ నెమ్మదిని మింగేస్తోంది. ఎలాంటి కుట్టుపని మీకు నిజంగా ఊరటనిచ్చిందో చెప్పగలరా?

పాతదుప్పటి:
నీలిదారం గారూ, నాకు ఊరట దొరికింది బొంత కుట్టడంలోనే. అరిగిపోయిన బట్టలను పొరలుగా పరచి, వాటన్నింటినీ కలుపుతూ రన్నింగ్ కుట్టు (సూదిని పైకీ కిందికీ దూరుస్తూ వేసే వరుస కుట్టు) వేసుకుంటూ పోవడమే అందులోని పని. ఎక్కడ ఆపినా వెలితిగా ఉండదు, ఎక్కడినుంచైనా తిరిగి మొదలుపెట్టవచ్చు. బెంగాల్ స్త్రీలు పాత చీరల అంచుల నుంచి లాగిన దారాలతో కాంథాలు (పాత చీరల పొరలతో చేసే బొంతలు) కుట్టినదీ, అమెరికాలోని గీస్ బెండ్ అనే పల్లె మహిళలు చిరిగిన పని దుస్తులతో బొంతలు కుట్టినదీ ఇంటి అవసరం కోసమే. ఆ గీస్ బెండ్ బొంతలే 2002లో హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో ప్రదర్శనకు నిలిచాయి. వాడుకోవడానికి కుట్టే వస్తువు మీద ఎవరి మెప్పు కోసమూ ఎదురుచూడనక్కర లేదు కనుక చేయి హాయిగా సాగుతుందని నా నమ్మకం.

గళ్ళబట్ట:
నా అనుభవం కొంత వేరు. గళ్ళు లెక్కపెట్టి ఇంటూ గుర్తు ఆకారంలో వేసే క్రాస్ స్టిచ్‌లో లెక్క తప్పకుండా చూసుకోవలసి ఉంటుంది కాబట్టి దిగులుకు చోటుండదు. బాగా అలసిన రోజున మాత్రం అది పనికిరాదు.

మంచంపక్కన:
మంచాన పడిన అమ్మకు సేవ చేసే కాలంలో నేను దిండు గలీబుల అంచులకు గొలుసు కుట్టు వేస్తూ ఉండేదాన్ని. అమ్మ పిలిచిన మరుక్షణం పక్కన పెట్టి లేవగలిగిన పని అదొక్కటే. ఆమె నిద్రపోయే దాకా కదలకుండా కూర్చోవలసిన వేళల్లో, ఏ కబురు వస్తుందోనన్న భయాన్ని పూర్తిగా తీసేయలేకపోయినా, చేతులకు ఒక ఆధారాన్నిచ్చింది. రంగుల ఎంపిక అమ్మదే, అందువల్ల మేమిద్దరం జబ్బు గురించి కాకుండా వేరే విషయం మాట్లాడుకునే వీలు కలిగింది.

నీలిదారం:
మంచంపక్కన గారూ, మీ మాటలు చదివాక చిత్రాన్ని పక్కన పెట్టి, ఇంట్లో చిరిగిన దుప్పటితోనే మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. ఇంకొక్క సందేహం. దారం పదేపదే ముడిపడి విసుగు తెప్పిస్తోంది, ఏం చేయాలి?

పాతదుప్పటి:
దారాన్ని సుమారు 45 సెంటీమీటర్లకు మించి తీసుకోకండి. ఎంబ్రాయిడరీ దారంలో సాధారణంగా 6 పోగులు ఉంటాయి, వాటిని ఒక్కసారిగా చీల్చకుండా ఒక్కొక్క పోగునూ పైకి లాగి, కావలసినన్ని మళ్ళీ కలుపుకోండి. కుడుతున్నకొద్దీ దారం మెలి తిరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు సూదిని గాలిలో వేలాడదీస్తే మెలి తనంతట తానే విప్పుకుంటుంది. బట్టను బిగించి పట్టే రింగు వాడేటట్లయితే, పని ఆపిన ప్రతిసారీ బట్టను దాని నుంచి తీసేయండి, లేకపోతే గుండ్రటి ముడత గుర్తు నిలిచిపోతుంది.