బుడమేరు నీటిమట్టం కొలిచే ప్రాజెక్టు: గుర్రపుడెక్కతో చిక్కొచ్చింది, కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది విజయవాడ సింగ్ నగర్. ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. నలుగురం కలిసి ప్రాజెక్టు చేస్తున్నాం. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు వీధిలోకి వచ్చినప్పుడు నాన్న బండి బయటికి తీసే టైం కూడా దొరకలేదు. ముందు గదిలో ఆ బురద గీత నా భుజం ఎత్తున ఇంకా కనిపిస్తూనే ఉంది, రెండుసార్లు సున్నం వేసినా.

అందుకే వంతెన కింద అల్ట్రాసోనిక్ సెన్సర్ (శబ్దం పంపి, అది తగిలి తిరిగొచ్చే టైంని బట్టి దూరం కొలిచేది) కట్టి, నీరు పెరిగితే వీధివాళ్ల ఫోన్లకు మెసేజ్ వెళ్లేలా చేశాం. ఇంట్లో బకెట్ మీద బ్రహ్మాండంగా పనిచేసింది! కాలువ దగ్గర మాత్రం గుర్రపుడెక్క తేలుతూ వస్తే ఆ ఆకుల్నే నీళ్లనుకుని అడుగు ఎక్కువ చూపిస్తోంది. నిలువుగా పీవీసీ పైపు పెట్టి అందులో కొలిస్తే, శబ్దం పైపు గోడలకు తగిలి రీడింగ్ గెంతులేస్తోంది. మాది రెండంగుళాల పైపు. ఇంకా లావుది వాడితే కుదురుతుందా? లేక నీళ్లలో ముంచే ప్రెజర్ సెన్సరే నయమా? చేతిలో మూడు వేలే ఉన్నాయి.

ఇంకోటి, వంతెనకు బిగించడానికి పర్మిషన్ కార్పొరేషన్ ఇస్తుందా, ఇరిగేషన్ వాళ్లా? ఇలాంటిది చేసినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్. వానలు మొదలయ్యేలోపు బిగించాలని మా తాపత్రయం.